ఆ ఫీజుకి ఉద్యోగం రాదు

"ఇంటర్ చాలు. ఆరు నెలల కోర్సు, రెండు లక్షల ఫీజు, ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం గ్యారంటీ! నెలకు లక్షన్నర జీతం. ప్రపంచమంతా ఫ్రీగా తిరగొచ్చు. పనేమిటంటారా, నవ్వుతూ టీ ఇవ్వడమే. పెళ్లయ్యేదాకా హాయిగా చేసుకోవచ్చు." ఈ మెసేజ్ రోజుకో గ్రూపులో తేలుతోంది. పంపేవాళ్లంతా మనవాళ్లే. ఒకసారి చెబితే వినట్లేదు కాబట్టి ముక్కముక్కగా చూద్దాం.

ఫ్రీగా తిరగడం: సిబ్బంది టికెట్ అంటే స్టాండ్‌బై. సీటు మిగిలితే ఎక్కుతారు, లేకపోతే పెట్టె ఈడ్చుకుంటూ ఇంటికి. డ్యూటీలో తిరిగేదంటారా? శంషాబాద్ నుంచి గన్నవరం, వెనక్కి, మళ్లీ రేణిగుంట, వెనక్కి. నాలుగు సెక్టార్లు తిరిగినా తిరుపతిలో కొండ కూడా కిటికీలోంచే.

పెళ్లయ్యేదాకా: తొలి గర్భానికే ఉద్యోగం ఊడబీకే ఎయిరిండియా నిబంధనను సుప్రీంకోర్టు 1981లోనే నర్గేష్ మీర్జా కేసులో కొట్టేసింది. మెసేజ్ రాసినాయనకి ఆ వార్త ఇంకా చేరలేదు.

టీ ఇవ్వడమే: యాభై సీట్లకు ఒకరు చొప్పున క్యాబిన్ క్రూ ఉండాలన్నది డీజీసీఏ (మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన. 186 సీట్ల ఏ320 విమానానికి నలుగురు. టీ కోసమే అయితే ముందు వరసలో ఫ్లాస్కు పెట్టి పంపేవాళ్లు. ఒక్క తలుపు సంగతే చూడండి. దానికి స్లయిడ్ ఉంటుంది, అంటే ప్రమాదంలో జారి దిగే గాలి బల్ల. ప్రయాణంలో అది తలుపు తెరిస్తే ఉబ్బేలా ‘ఆర్మ్‌డ్’గా ఉంటుంది. విమానం దిగాక లివర్‌ని ఆర్మ్‌డ్ నుంచి డిసార్మ్‌డ్‌కి మార్చాలి, పిన్ను పెట్టాలి, ఎదుటి తలుపు దగ్గరున్నవాళ్లు సరిచూడాలి. కిటికీ దగ్గర ఎర్రలైటు మిణుకుమంటే లోపల ఒత్తిడి ఇంకా దిగలేదని. హ్యాండిల్ కాస్త ఎత్తగానే తెల్లలైటు వెలిగితే స్లయిడ్ ఇంకా ఆర్మ్‌లోనే ఉందని. అది చూడకుండా పూర్తిగా ఎత్తారా, స్లయిడ్ క్షణాల్లో బయటికి ఉబ్బుతుంది. కింద మెట్లబండి దగ్గర నిలబడ్డ కుర్రాడి ప్రాణం మీదికొస్తుంది, ఆ విమానం ఆ రోజుకి అక్కడే. ఎవరిదైనా ఫోన్ బ్యాటరీ అంటుకుంటే హాలాన్ (మంటలార్పే వాయువు) కొట్టి మంట ఆర్పి, ఆ తర్వాత నీళ్లు పోస్తూనే ఉండాలి. ఐసు ముక్కలు పెట్టకూడదు, వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. 2024 జనవరి 2న టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో మండుతున్న ఏ350 విమానంలోంచి 379 మందినీ బయటికి పంపినప్పుడు ఎనిమిది తలుపుల్లో మూడే పనికొచ్చాయి. మైకు పనిచేయలేదు, మెగాఫోన్లతో అరిచి చెప్పారు. ఆ రోజు టీ ఎవరూ అడిగినట్టు లేదు.

లక్షన్నర జీతం: ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. దుబాయ్ సంస్థ ఎమిరేట్స్ ప్రకటించే లెక్క నెలకు సుమారు పదివేల దిర్హాములు, పైగా వసతి వాళ్లదే. అంటే లక్షన్నర కాదు, అంతకంటే ఎక్కువే. కానీ మన దేశీయ సంస్థల్లో కొత్తగా చేరినవాళ్లకి ఆ లెక్క పనికిరాదు. స్థిర జీతం కొంత, మిగతాది ఎగిరిన గంటలను బట్టి. గంటల లెక్క మొదలయ్యేది విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పుడు. జనాన్ని ఎక్కించడం, పొగమంచుకి గేటు దగ్గర కూర్చోవడం ఆ లెక్కలోకి రావు. 2025 ఆగస్టులో ఎయిర్ కెనడా క్యాబిన్ సిబ్బంది సమ్మెకి దిగిన ముఖ్య కారణాల్లో ఈ నేల మీది పని కూలి ఒకటి.

ఇక అసలు విషం: కోర్సు, గ్యారంటీ. ఇంటర్ చాలన్నది నిజమే. కాబట్టే ఆ కోర్సు అక్కర్లేదు. ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే డిప్లొమా లైసెన్సు కాదు, దాంతో విమానం ఎక్కి పనిచేయలేరు. పని చేయాలంటే డీజీసీఏ ఆమోదించిన శిక్షణ కావాలి. తలుపులు, పొగ గది, మంటలు, నీళ్లలో తెప్ప ఎక్కడం, ప్రథమ చికిత్స, అన్నీ ఉద్యోగంలోకి తీసుకున్న సంస్థే తన విమానాల మీద నేర్పిస్తుంది. డిప్లొమా ఉన్నా మళ్లీ మొదటినుంచే. ఇంటర్వ్యూలో చూసేవి వేరు: చెప్పుల్లేకుండా ఎత్తు (మన సంస్థల్లో అమ్మాయిలకి సాధారణంగా 155 సెంటీమీటర్లు), యూనిఫాం దాటి కనిపించే టాటూలు, ఇంగ్లీషు, హిందీ, గొడవపడే ప్రయాణికుడితో మాట్లాడే తీరు. ఎమిరేట్స్‌కి 160, మునివేళ్ల మీద నిలబడితే 212 సెంటీమీటర్లు అందాలి, హోటల్ లేదా కస్టమర్ సర్వీసులో ఏడాది అనుభవం ఉండాలి. రెండు లక్షలు కడితే ఎత్తు పెరుగుతుందా? ఆ డబ్బులో పదోవంతుతో ఇంగ్లీషు బాగుపడుతుంది. హోటల్ రిసెప్షన్‌లో ఏడాది చేస్తే అనుభవమూ వస్తుంది, ఎదురు జీతమూ ఇస్తారు.

నోటిఫికేషన్ సంస్థ సొంత వెబ్‌సైట్లో ఉందో లేదో చూడండి. ఇంటర్వ్యూకో, ఆఫర్ లెటర్‌కో "రిఫండబుల్ డిపాజిట్" అడిగినా, మెయిల్ జీమెయిల్ నుంచి వచ్చినా అక్కడే ఆపేయండి. చేరాలనే ఉంటే, సంతకం పెట్టే ముందు ఫీజు రసీదు వెనకాల చదవండి. గోడమీద "గ్యారంటీ" అని రాసినవాళ్లు అక్కడ చిన్న అక్షరాల్లో "ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అంటారు. ఆ కింది లైనులో ఫీజు వాపసు ఇవ్వబడదని కూడా ఉంటుంది.