సవరణ: డిస్క్‌లో ‘మాయమైన’ 35 జీబీ

కంప్యూటర్ భాగాలను పరిచయం చేస్తూ రాసిన కిందటి పోస్టులో ఒక తప్పు దొర్లింది. 500 జీబీ డిస్క్ విండోస్‌లో 465 జీబీగా కనిపించడానికి కారణం, మిగతా చోటును ఆపరేటింగ్ సిస్టమ్ తినేయడమే అని రాశాను. అది నిజం కాదు. ఏమీ ఎక్కించని కొత్త డిస్క్ తగిలించినా 465 దగ్గరే చూపిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు చోటు కావాలి, నిజమే. కానీ దాన్ని ఆ 465లోంచే తీసుకుంటుంది.

తిరకాసంతా లెక్కలో ఉంది. డిస్క్ తయారుచేసేవాళ్లకు ఒక జీబీ అంటే సరిగ్గా 100 కోట్ల బైట్లు. విండోస్ మాత్రం 1024ని మూడుసార్లు వేసి హెచ్చిస్తే వచ్చే 1,07,37,41,824 బైట్లను ఒక జీబీ అంటుంది. 50,000 కోట్ల బైట్లను దాంతో భాగించి చూడండి, 465 చిల్లర వస్తుంది. చోటు ఎక్కడికీ పోలేదు, కొలిచే కుంచం మారిందంతే. ఈ పెద్ద కుంచానికి జిబిబైట్ అని 1998లోనే వేరే పేరు పెట్టారు. విండోస్ ఇప్పటికీ జీబీ అనే రాస్తుంది, అందుకే ఈ గందరగోళం. అదే డిస్క్‌ను మ్యాక్‌కు తగిలిస్తే 500 అనే చూపిస్తుంది. ర్యామ్‌కు ఈ పేచీ లేదు, అక్కడ అందరిదీ 1024 లెక్కే.

ఇంకో చిన్న సవరణ. ‘ఎం.2 ఎస్‌ఎస్‌డీలన్నీ ఎన్‌వీఎంఈ రకమే’ అన్నాను. (ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో డేటా దాచే డిస్క్. ఎన్‌వీఎంఈ, సాటా అనేవి డిస్క్ కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతులు.) కాదు, ఎం.2 అనేది ఆకారం పేరు. ఆ ఆకారంలో సాటా రకం కూడా ఉంటుంది, దాని వేగం సెకనుకు 600 ఎంబీ దాటదు. కొనేముందు మదర్‌బోర్డు ఏది తీసుకుంటుందో చూసుకోండి.