కొడుకు కోసం రాసిన పొగడ్త
సోవియట్ రచయితలంతా ఫ్లాట్లకీ, పదవులకీ ఆశపడి స్టాలిన్‌కు భజన చేశారని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. గోర్కీ విషయంలో కొంత ఒప్పుకుంటాను, ఖైదీలతో తవ్వించిన తెల్ల సముద్రం కాలువను మెచ్చుకునే పుస్తకానికి సంపాదకుల్లో ఆయనా ఒకరు. కానీ అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా? రష్యన్ కవయిత్రి అన్నా అఖ్మతోవా, స్టాలిన్ కాలంలో కొడుకు అరెస్టయ్యాక, లెనిన్‌గ్రాడ్ జైలు బయట 17 నెలలు క్యూల్లో నిలబడింది. ఆ బాధ మీద రాసిన కవిత పోలీసుల చేతికి చిక్కకూడదని, చిన్న కాగితం మీద రాసి స్నేహితురాలికి చూపించేది. స్నేహితురాలు బట్టీ పట్టగానే ఆ కాగితాన్ని యాష్‌ట్రేలో కాల్చేసేది. 1946లో అఖ్మతోవాను రచయితల సంఘం నుంచి గెంటేశారు. 1949లో కొడుకును మళ్లీ పట్టుకుపోయాక, 1950లో ఆవిడా స్టాలిన్‌ను పొగుడుతూ పద్యాలు రాసి అచ్చుకిచ్చింది. అయినా కొడుకు విడుదలైంది 1956లోనే. నేనూ ఇద్దరు పిల్లల తల్లిని. దాన్ని అమ్ముడుపోవడం అనడానికి నాకు నోరు రావడం లేదు.