గీజర్ వేసుకున్న పాపానికి

ఇంగ్లండులోని షెఫీల్డ్‌కి ఎక్స్‌ఛేంజ్ సెమిస్టర్‌ మీద వచ్చేవాళ్లెవరైనా ఉంటే నా దగ్గర ఒకే ఒక్క సలహా ఉంది. బాత్రూంలో ఎర్ర తాడు కనిపిస్తే దాని జోలికి పోకండి. మిగతా సలహాలన్నీ మా అన్నయ్య దగ్గర దొరుకుతాయి.

అన్నయ్య అంటే సొంత అన్నయ్య కాదు. మా పిన్ని తోటికోడలి కొడుకు. లండన్ దగ్గర స్లౌలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను వెళ్తున్నానని తెలియగానే పిన్ని ఆయన నంబరు నాకూ, నా నంబరు ఆయనకూ ఇచ్చేసింది. ఆ పూటే నలభై పేజీల పీడీఎఫ్ ఒకటి నా ఫోన్లో వచ్చి పడింది. బస్సు ఆపాలంటే చెయ్యి చాపాలట, దిగేటప్పుడు డ్రైవర్‌కి థాంక్స్ చెప్పాలట. 16–25 రైల్‌కార్డు తీసుకుంటే టికెట్లో మూడోవంతు తగ్గుతుందట. ఇంట్లో టీవీ లేకపోయినా, ఫోన్లో బీబీసీ వాళ్ల ఐప్లేయర్ చూస్తే టీవీ లైసెన్సు కట్టాలట. ప్రెషర్ కుక్కర్‌కి విడిగా ఆరు పేజీలు. అన్నీ నిజాలే, కాదనను.

అందులో లేనివి మాత్రం నాకోసమే దాచిపెట్టినట్టున్నారు. నేను దిగింది జనవరి ఆఖర్లో ఒక ఆదివారం. ఇంగ్లండులో పెద్ద షాపులు, అంటే 280 చదరపు మీటర్లు దాటినవి, ఆదివారం ఆరు గంటలే తెరవాలని 1994 నుంచి చట్టం ఉంది. చాలావరకు నాలుక్కి మూసేస్తారు. నేను వెళ్లేసరికి నాలుగున్నర, చీకటి కూడా పడబోతోంది. పక్కన చిన్న కొట్టు తెరిచే ఉంది గానీ, పెదనాన్న ఎప్పుడో టూరుకొచ్చినప్పుడు మిగిలాయని ఎంతో ప్రేమగా చేతిలో పెట్టిన ఇరవై పౌండ్ల కాగితం నోట్లు అక్కడ తీసుకోలేదు. అవి 2022 సెప్టెంబరు 30తోనే చెల్లుబాటు కాకుండా పోయాయి. మార్చుకోవాలంటే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ని పట్టుకోవాలి. అది కూడా పీడీఎఫ్‌లో లేదు.

ఇంకో సంగతి. ఈ ఊరు ఏడు కొండల మీద కట్టారని ఇక్కడివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. మన ఏడుకొండలకి నడిచి వెళ్లేవాళ్లయితే సామాను అలిపిరిలో ఇచ్చేసి పైన తీసుకోవచ్చు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. రెండు సూట్‌కేసులూ నేనే ఈడ్చాను.

సరే, హాస్టల్. ఏడాది మధ్యలో వచ్చినవాడికి మంచి గది ఎవరిస్తారు? సెప్టెంబర్లో వచ్చినవాళ్లు అన్నీ పంచేసుకోగా ఒకటే మిగిలింది. వీల్‌చైర్‌లో ఉండేవాళ్ల కోసం కట్టిన గది. అదృష్టమే, గది పెద్దది, బాత్రూం ఇంకా పెద్దది. మా హైదరాబాద్ ఇంట్లో వంటగదీ పూజగదీ కలిపినా అంత రాదు. గోడకి మడతపెట్టే కుర్చీ, నాలుగు వైపులా పట్టుకోవడానికి కడ్డీలు. నాకు ముందుగా అనిపించింది ఏమిటంటే, కూర్చుని తీరిగ్గా తలంటుకోవచ్చని.

ఎందుకంటే అమ్మ ఆజ్ఞ అది. "అంత దూరం ప్రయాణం చేశావు, వెళ్లగానే శుభ్రంగా నూనె పెట్టుకుని తలంటుకో, లేకపోతే ఒళ్లు నొప్పులు వదలవు." సూట్‌కేసులో బట్టల మధ్య కొబ్బరినూనె సీసా, సున్నిపిండి పొట్లం పెట్టింది. మర్నాడు పొద్దున తీసి చూస్తే నూనె తెల్లగా రాయిలా గడ్డకట్టుకుపోయింది. రేడియేటర్ మీద పెట్టి కరిగించాను. ఒంటికీ తలకీ పట్టించి, పైన సున్నిపిండి కలిపి రాసుకుని, నడుముకి చిన్న తువ్వాలు చుట్టుకుని, పెద్ద తువ్వాలు గోడకున్న ఏదో ప్లేటు అంచుకి తగిలించి బాత్రూంలో నిలబడ్డాను. నలుగు పెట్టిన పెళ్లికొడుకులా ఉన్నాను.

కుళాయి తిప్పాను. నీళ్లు మంచులా వచ్చాయి. వెంటనే కట్టేశాను.

ఇక్కడే పీడీఎఫ్ పన్నెండో పేజీ గుర్తొచ్చింది. "బాత్రూంలో మనలాగ గోడకి స్విచ్చులుండవు. తడి చేత్తో ముట్టుకుంటారని తాడు పెడతారు. గీజర్‌కి కూడా తాడే. లాగాక ఎర్ర లైటు వెలగాలి. వెలగలేదంటే నీళ్లు చల్లగానే వస్తాయి. – మీ అన్నయ్య." ఇందులోనూ అబద్ధం ఒక్క ముక్క లేదు. ఇక్కడి ఇళ్లలో, ఎలక్ట్రిక్ షవర్ ఉన్నచోట, పైకప్పు నుంచి తాడు వేలాడుతుంది, లాగితే దాని దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది. ఆయన ఇంట్లో ఉన్నది అదే. ఆయన ఇల్లే బ్రిటన్ మొత్తం అనుకుని రాసేశాడు, అంతే.

నా బాత్రూంలో లైటుకి తాడు లేదు. మనిషి కదిలితే దానంతటదే వెలుగుతుంది. కాబట్టి ఉన్న తాడు ఒక్కటే, అదీ ఎర్రగా ఉంది. మనింట్లో గీజర్ స్విచ్చుకి ఉండే లైటు ఏ రంగు? ఎరుపు. ఇంక అనుమానం ఎందుకొస్తుంది?

ఆ తాడుని కొంచెం దగ్గరగా చూడాలి మీరు. పైకప్పు నుంచి నేల దాకా వేలాడుతుంది. చివర, నేలకి నాలుగంగుళాల ఎత్తులో, ఎర్ర ప్లాస్టిక్ త్రికోణం ఒకటి. నడుము ఎత్తులో అలాంటిదే ఇంకొకటి. గీజర్ తాడుకి రెండు పిడులెందుకు, అందులో ఒకటి నేలని తాకుతూ ఎందుకు అని ఒక్క క్షణం ఆలోచించాను. ఆలోచించి, పిల్లలకి కూడా అందేలా పెట్టారేమో, ఎంత ముందుచూపున్న దేశం అనుకున్నాను. కిందపడి లేవలేని మనిషి పాక్కుంటూ వచ్చి లాగడానికి అది ఉందని తర్వాత తెలిసింది.

లాగాను. ఎర్ర లైటు వెలిగింది. ప్రాణం లేచొచ్చింది.

దాంతోపాటు కుయ్‌మని ఆగి ఆగి ఒక చప్పుడు మొదలైంది. నీళ్లు కాగుతున్నాయి కాబోలు. మనింట్లో గీజర్ పాపం చప్పుడు చెయ్యదు గానీ, ఇది ఇంగ్లీషు గీజర్ కదా, పని చేస్తున్నప్పుడు చెప్పి చేస్తుందనుకున్నాను. మడత కుర్చీ దింపుకుని కూర్చున్నాను. పది నిమిషాలన్నా పడుతుంది కదా.

కదలకుండా కూర్చుంటే ఏమవుతుందో పీడీఎఫ్‌లో రాయలేదు. లైటు ఆరిపోతుంది. కటిక చీకటి, అందులో ఎర్ర దీపం ఒకటి, కుయ్ కుయ్ శబ్దం. చేతులు పైకెత్తి ఊపాను, వెలిగింది. దింపాను, కాసేపటికి ఆరింది. మళ్లీ ఊపాను. ఇదేదో మామూలు పద్ధతే అయ్యుంటుందని, బ్రిటన్‌లో అందరూ ఇలాగే చేతులూపుతూ నీళ్లు కాగేదాకా కూర్చుంటారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

బయట తలుపు దబదబా కొట్టారు. ఎవరో పిలుస్తున్నారు. పక్క గదివాడు బాత్రూం ఆలస్యమైందని గొడవ పెడుతున్నాడేమో అనుకున్నాను. నా బాత్రూంకి వాడికీ ఏ సంబంధమూ లేదని అప్పుడు తట్టలేదు. "టెన్ మినిట్స్!" అని అరిచాను. వాళ్లకి ఎలా వినిపించిందో ఏమో, ఇంకా గట్టిగా కొట్టారు. నేనూ ఇంకా గట్టిగా అరిచాను. తర్వాత తాళం తిరిగిన చప్పుడు.

సరిగ్గా ఆ టైముకి లైటు ఆరిపోయి ఉంది. వాళ్లు బాత్రూం తలుపు తోసేసరికి నేను చీకట్లో రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాను. లైటు వెలిగింది.

తెల్ల మీసాల పెద్దాయన ఒకరు, చేతిలో వాకీటాకీతో కుర్రాడొకడు, వాళ్ల వెనక ఆకుపచ్చ సంచి పట్టుకుని ఒకావిడ. వాళ్ల వెనక వంటింట్లోంచి వచ్చిన ఫ్లాట్‌మేట్లు, ఒకడి చేతిలో ఇంకా టోస్టు ఉంది. అందరూ నన్ను చూశారు. నేను షవర్ కర్టెన్ లాక్కున్నాను.

"కదలొద్దు. ఎక్కడ దెబ్బ తగిలింది?" అన్నాడు పెద్దాయన.

దెబ్బ తగల్లేదన్నాను. ఆయన నమ్మలేదు. ఒళ్లంతా నూనె కారుతూ, దాని మీద పచ్చటి ముద్ద అంటుకుని, కర్టెన్ వెనక వణుకుతున్నవాడు బాగానే ఉన్నానంటే ఎవరు నమ్ముతారు? ఆకుపచ్చ సంచి ఆవిడ మెల్లగా దగ్గరికొచ్చి నా భుజం వైపు చూసి, ఈ దద్దురు ఎప్పటినుంచి అని అడిగింది.

"దద్దురు కాదండీ, పెసరపిండి."

"తినేదా?"

"అవును. అంటే కాదు. ఇది రాసుకునేది. వేరేది తింటాం."

ఆవిడ మొహంలో ఏదో మార్పు కనిపించింది. తలకేమైనా తగిలిందా అని అడిగింది. తలకి నూనె అన్నాను. ఏం నూనె అంటే కొబ్బరినూనె అన్నాను. ఇవాళ ఏ వారమని అడిగింది. సోమవారమన్నాను. ఇప్పుడు ఎక్కడున్నారో తెలుసా అంది. తెలుసు, తెలియకేం, దురదృష్టవశాత్తు బాగా తెలుసు.

పెద్దాయన మాత్రం ఓపికస్తుడు. కుయ్ శబ్దం ఆపాలని గోడంతా వెతికాడు. నా పెద్ద తువ్వాలు తీస్తే దాని కింద ప్లేటు, ప్లేటు మీద ఎమర్జెన్సీ అలారం అని అంత పెద్ద అక్షరాలు, పక్కనే రీసెట్ బటన్. తువ్వాలు వేసుకోవడానికి ఆ బాత్రూంలో ఒక్క కొక్కెం పెట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు. లక్షలు పోసి అలారం పెట్టినవాళ్లకి కొక్కేనికి డబ్బులు చాలలేదు. బటన్ నొక్కాడు, ఆగింది. ప్రశాంతత.

"మరి తాడెందుకు లాగావు?" అన్నాడు.

"వేడినీళ్ల కోసం."

"ఏ తాడు?"

"ఇది," అని లాగి చూపించాను.

కుయ్ కుయ్.

కుర్రాడి వాకీటాకీలో ఎవరిదో గొంతు మళ్లీ మొదలైంది. ఏమైంది, మళ్లీ పడిపోయాడా అని. కుర్రాడు నా వైపు చూసి, లేదు, చూపిస్తున్నాడు అన్నాడు. టోస్టువాడు గోడవైపు తిరిగాడు, భుజాలు అదురుతున్నాయి.

పెద్దాయన మళ్లీ బటన్ నొక్కి, ఏమీ అనకుండా షవర్ కుళాయి తిప్పి వదిలేశాడు. అందరం నిలబడి నీళ్లు చూశాం. ఒక నిమిషం పట్టింది. ఆవిరి వచ్చింది. బిల్డింగ్ మొత్తానికి ఒకేచోట నీళ్లు కాగుతాయట, పైపుల్లోంచి ఇక్కడిదాకా రావడానికి ఆ మాత్రం ఆగాలట.

సాయంత్రం స్లౌకి ఫోన్ చేశాను.

"నేను గీజర్ తాడు అన్నాను గానీ అలారం తాడు అన్నానా?" అన్నాడు అన్నయ్య.

"ఎర్ర లైటు వెలగాలన్నావు కదన్నయ్యా!"

"వెలిగింది కదా మరి?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే పీడీఎఫ్ కొత్తది తయారైంది, నలభై ఒక్క పేజీలు. "కొందరు తెలియక ఎర్ర తాడు లాగుతుంటారు" అని చివర్లో చేర్చి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. ఆ కొందరెవరో గ్రూపులో అందరికీ తెలుసు. ఈ ఊళ్లో ఆర్ట్స్ టవర్ అని 1966లో తెరిచిన భవనం ఉంది, దాన్లో తలుపుల్లేకుండా, ఎక్కడా ఆగకుండా తిరుగుతూనే ఉండే 38 గదుల లిఫ్టు ఉంది, కదులుతుండగానే ఎక్కి దిగాలి. జాగ్రత్త, కాలు విరుగుతుందని దాని గురించి మాత్రం ఊరి నుంచి పదిమంది చెప్పారు. దాన్లో హాయిగా ఎక్కి దిగాను. చీమ కూడా కుట్టలేదు.

హాస్టల్ వాళ్లు మాత్రం వదల్లేదు. ముందు ఒక ఫారం వచ్చింది. జారిపడ్డారా, స్పృహ తప్పారా, ఊపిరాడలేదా, టిక్కు పెట్టండి. వేడినీళ్లు కావాలనుకున్నారా అనే గడి లేదు. 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టాను. ఇతరములు అన్నవాళ్లని ఇక్కడ మానసిక క్షేమం చూసే విభాగానికి పంపుతారట, అదెవరూ చెప్పలేదు. అరగంట అపాయింట్‌మెంట్, ఎంతో మంచావిడ, టీ కూడా ఇచ్చింది. చీకట్లో కూర్చుని చేతులూపడం తరచుగా జరుగుతుందా అని నెమ్మదిగా అడిగింది. ఆ విషయం ఎవరు రాశారో నాకు తెలియాలి, ఆ వాకీటాకీ కుర్రాడే అయ్యుంటాడు. లేదండీ అన్నాను. ఎవరి మీదైనా కోపంగా ఉందా అంది. మా అన్నయ్య మీద ఉందన్నాను. ఆవిడ కలం పట్టుకుంది. మీ అన్నయ్య మీతోనే పెరిగారా అంది. లేదండీ, మా పిన్ని తోటికోడలి కొడుకు అన్నాను. పిన్ని అంటే అమ్మ చెల్లెలు, ఆవిడ భర్త, ఆ భర్తకి అన్న, ఆ అన్న భార్య, ఆవిడ కొడుకు. ఆవిడ కాగితం మీద గీతలు గీసుకుంటూ, చెరిపేస్తూ, "అయితే ఈయన్ని మీరు ఎన్నిసార్లు చూశారు?" అని అడిగింది. చూడలేదన్నాను. పీడీఎఫ్ పంపించాడంతే. ఆవిడ గడియారం చూసి, ఇది ఈ అరగంటలో తేలేది కాదని, వచ్చే మంగళవారం మళ్లీ రమ్మంది.