అడ్మిన్ నోరు విప్పాలి

కోనసీమలో ఒక హైస్కూలు, 1994 టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు. నూట ఎనభై మంది మెంబర్లు, సగం మంది ఊళ్ళోనే, మిగతావాళ్ళు హైదరాబాదు, బెంగళూరు, ఇద్దరు ముగ్గురు డల్లాస్‌లో. 2024 ఎలక్షన్లప్పుడు, పోలింగ్ ఇంకో వారం ఉందనగా, ఒకాయన రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ పెట్టాడు, అమ్మ పోయింది, రేపు పదింటికి దహనం అని. ఓ పది ఓం శాంతిలు వచ్చాయి. పదకొండోది ఒక పార్టీ లీడర్ని వెక్కిరిస్తూ మార్ఫింగ్ చేసిన వీడియో. దాని కింద అవతలి పార్టీ వాళ్ళ రిప్లై, దాని కింద బూతు, బూతు కింద కులం పేరు, పన్నెండయ్యేసరికి రెండొందల పైచిలుకు మెసేజ్‌లు, ఆ అమ్మగారి కబురు ఎక్కడో పైకి పోయింది, పొద్దున్నే ఫోన్ చూసినవాళ్ళకి అది కనపడనే లేదు. పక్క వీధిలో ఉన్నవాళ్ళు కూడా దహనానికి వెళ్ళలేదు. కర్మలయ్యాక ఆయన ఎవర్నీ ఒక్క మాట అనకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. మా పత్రిక డెస్క్‌లో పనిచేసే ఒకరు ఆ బ్యాచ్ వాళ్ళే, ఆయన కూడా ఆ కబురు మూడో రోజు చూశారు, ఇప్పటికీ ఆ మాటెత్తితే తలదించుకుంటారు.

ఆ గ్రూపుకి అడ్మిన్ ఉన్నాడు. ఆ రాత్రి మెసేజ్‌లన్నీ చదివాడు కూడా. ఇద్దరూ మనవాళ్ళే, ఎవర్ని ఆపితే ఎవరికి కోపమొస్తుందో, మనకెందుకులే అని ఫోన్ పక్కన పెట్టి పడుకున్నాట్ట. గ్రూపులకి మోడరేటర్లు, అంటే మాటలు హద్దు దాటకుండా చూసేవాళ్ళు, కావాలా అక్కర్లేదా అని మాట వచ్చినప్పుడల్లా వాక్ స్వాతంత్ర్యం దగ్గర మొదలెడతారు గానీ, మన దగ్గర ముందు మాట్లాడుకోవాల్సింది ఈ మొహమాటం గురించి. మా మాట ఏంటంటే, మోడరేటర్ కావాల్సిందే. గ్రూపు పెట్టినందుకు ఆటోమేటిగ్గా అడ్మిన్ అయిపోయి ఊరుకునే మనిషి కాదు, ఆ పని చేస్తానని ఒప్పుకుని చేసే మనిషి.

వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు 1024 మంది దాకా ఉండొచ్చు. అంటే ఒక చిన్న ఊరు. అంతమందిలో బూతులు తిట్టేది నలుగురో అయిదుగురో, అయినా గ్రూపంతా వాళ్ళదే అన్నట్టు కనపడుతుంది, ఎందుకంటే మిగతావాళ్ళు మాట్లాడ్డం మానేస్తారు. 2022 ఆగస్టు నుంచి గ్రూపు వదిలి వెళ్ళిపోతే ఆ సంగతి అందరికీ నోటిఫికేషన్‌గా రాదు, అడ్మిన్లకి మాత్రమే వస్తుంది. వెతికితే తెలుస్తుంది గానీ ఎవరు వెతుకుతారు? అలా ఒక టీచరు వెళ్ళిపోతారు, ఒక నర్సు వెళ్ళిపోతారు, నాలుగు మంచి మాటలు రాసే రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ వెళ్ళిపోతారు, గొడవ పడేవాళ్ళకి ఆ ఖాళీ కూడా తెలీదు. ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. గ్రూపులో ఒక అభిప్రాయం రాస్తే చాలు, నంబర్ అందరికీ కనపడుతూనే ఉంటుంది కదా, అర్ధరాత్రి పర్సనల్‌గా మెసేజ్ పెట్టేవాడు ఒకడు తయారవుతాడు. అది అడ్మిన్‌కి చెప్తే, గ్రూపు బయట జరిగిందమ్మా నేనేం చెయ్యను అంటాడు. నంబర్ దొరికింది గ్రూపులోనే కదా, అలాంటివాణ్ణి ఆ రాత్రే రిమూవ్ చెయ్యాలి.

మాటలతోనే ఆగితే ఒక రకం. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో వీడియోలు తిరిగితే తెలంగాణలోనూ ఆంధ్రలోనూ జనం ముక్కూమొహం తెలీని అమాయకుల్ని పట్టుకుని కొట్టారు, ప్రాణాలు పోయాయి. అప్పుడు జోగుళాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్ళకి పంపించి, జానపద కళాకారుల చేత పాటలు పాడించి, ఫోన్లో వచ్చిందల్లా నమ్మొద్దని చెప్పించారు. అదే ఏడాది జూలైలో వాట్సాప్ వాళ్ళు మన దేశంలో ఒకేసారి అయిదు చాట్లకి మించి ఫార్వర్డ్ చెయ్యకుండా లిమిట్ పెట్టారు. మంచిదే, కానీ ఇది మన ఊరు కాదు, పాత వీడియో, తీసెయ్యి అని ఆ గ్రూపులో అప్పటికప్పుడు చెప్పగలిగేది ఆ గ్రూపు మనిషే.

అడ్మిన్‌గా ఉంటే కేసులవుతాయని భయపడేవాళ్ళు చాలామంది. ఆ భయం ఊరికే రాలేదు, 2017 ఏప్రిల్‌లో వారణాసి జిల్లా అధికారులు గ్రూపులో తప్పుడు వార్త వస్తే అడ్మిన్ మీద కూడా కేసు పెడతామని ఆర్డర్ ఇచ్చారు. తర్వాత కోర్టులు వేరేగా చెప్పాయి. 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు, మెంబర్ పెట్టిన పోస్టుకి అడ్మిన్‌ని నేరస్థుణ్ణి చెయ్యడం కుదరదన్నాయి. మాకు ఆ తీర్పులు సబబే అనిపిస్తాయి, ఎవడో రాసినదానికి ఇంకెవరో జైలుకెళ్ళడం ఏం న్యాయం. అయితే కేసు కాదు కాబట్టి నాకు పట్టదు అనడం మాత్రం మేం ఒప్పుకోం. లోపల ఆపేవాళ్ళు లేనప్పుడే గొడవ స్టేషన్ దాకా వెళ్తుంది. ఐటీ చట్టంలో 66ఏ సెక్షన్ ఉన్న రోజుల్లో పోస్టు పెడితే అరెస్టులు ఎలా చేశారో చూశాం, 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసేదాకా ఆ బాధ తప్పలేదు. ఏది మాట్లాడాలో పోలీసులు చెప్పే పరిస్థితి మళ్ళీ రాకూడదనుకుంటే గ్రూపులు తమ ఇల్లు తాము చక్కబెట్టుకోవాలి.

మోడరేటర్ పేరుతో తన పార్టీ వాళ్ళని ఉంచి అవతలివాళ్ళని పీకేస్తే? ఇది నిజంగా జరుగుతుంది, మాకు వచ్చే ఫిర్యాదుల్లో ఇవి తక్కువేం కాదు. ఊళ్ళో రచ్చబండ దగ్గర ఒరేయ్ కూచో అనే పెద్దాయన ఉండేవాడని గుర్తుచేసుకుంటాం గానీ ఆ బండ మీద ఆడవాళ్ళకీ దళితులకీ చోటుండేది కాదు, ఆ పెద్దరికం మళ్ళీ తెమ్మని మేం అడగట్లేదు. తెలుగు వికీపీడియాలో కూడా చర్చల పేజీకి రచ్చబండ అనే పేరు పెట్టుకున్నారు, అక్కడ పద్ధతి చూడండి. నిర్వాహకుల్ని అందరి ముందూ చర్చించి ఎంచుకుంటారు, ఒకర్ని నిరోధిస్తే, అంటే బ్లాక్ చేస్తే, ఎవరు చేశారు, ఎందుకు చేశారు అనేది లాగ్‌లో ఉండిపోతుంది, ఎవరైనా తెరిచి చూసి అడగొచ్చు. వాదన ఎంతైనా చెయ్యి, మనిషి మీదకి మాత్రం వెళ్ళకు అన్నది అక్కడి రూలు. మన గ్రూపులకీ ఇంతకన్నా ఏం కావాలి. ఒక్కడు కాకుండా ముగ్గురు అడ్మిన్లు, వాళ్ళలో ఒక ఆడమనిషి ఉండాలి, ముగ్గురూ ఒకే పార్టీ వాళ్ళు కాకూడదు. రూల్స్ నాలుగు లైన్లలో డిస్క్రిప్షన్‌లో పెట్టాలి. మెసేజ్ తీసేస్తే ఎందుకు తీశామో అందరికీ కనపడేలా ఒక్క ముక్క రాయాలి.

ఒక మాట కంపెనీకి కూడా చెప్పాలి. వాట్సాప్‌లో గొడవ ఆపడానికి అడ్మిన్‌కి ఉన్నవల్లా మెసేజ్ డిలీట్ చెయ్యడం, మనిషిని తీసెయ్యడం, లేకపోతే అడ్మిన్లు మాత్రమే రాసేలా అందరి నోరూ మూసెయ్యడం. ఒక్కణ్ణి ఒక్కరోజు ఆపాలంటే దారి లేదు. టెలిగ్రామ్‌లో స్లో మోడ్ ఉంది, ఒక మెసేజ్‌కీ ఇంకోదానికీ మధ్య గంట దాకా గ్యాప్ పెట్టొచ్చు. కోపం చల్లారడానికి చాలాసార్లు ఆ గంట చాలు. వాట్సాప్‌లోనూ అది రావాలి.

మా పత్రికలో పాఠకుల ఉత్తరాల పేజీకి ఒక సబ్ ఎడిటర్ కూచుంటారు. విమర్శ ఉంచుతారు, మమ్మల్ని కడిగేసినా ఉంచుతారు, తిట్టు తీసేస్తారు. ఎందుకు తీశారని ఎవరైనా ఫోన్ చేసి అడిగితే చెప్తారు. అలవాటైన పని కాబట్టి వింతగా అనిపించదు, గ్రూపుల్లోనూ అలవాటవ్వాలి.

ఆ కోనసీమ బ్యాచ్ గ్రూపులో ఇప్పుడు ముగ్గురు అడ్మిన్లు. చావు పుట్టుకల కబురు పెడితే దాన్ని వెంటనే పిన్ చేస్తున్నారు, ఆ రోజుకి పాలిటిక్స్ బంద్. పాత అడ్మిన్, ఆ అమ్మ పోయినాయన ఇంటికెళ్ళి క్షమించమని అడిగొచ్చాడు, కాఫీ ఇచ్చి పంపించారట. గ్రూపు లింక్ మాత్రం ఆయన ఇంకా నొక్కలేదు.