లైట్లు వేయను, డీజే పెట్టనివ్వను, రేటింగ్ పోయినా సరే

పోయిన శనివారం మా ఎకో విడిదిలో దిగిన పన్నెండు మంది ఆదివారం టిఫిన్ కూడా తినకుండా వెళ్లిపోయి, దారిలోనే ఒక్క స్టార్ ఇచ్చేశారు. లైట్లు లేవు, ఏసీ లేదు, పాటలు పెట్టనివ్వలేదు, దీనికి ఎకో అని పేరొకటి అని రాశారు. రాసినవన్నీ నిజాలే. జవాబు రాయాలా వద్దా అని మూడు రోజులు ఆగాను, ఇక ఆగలేక రాస్తున్నా.

మావి నాలుగే గదులు. కడప జిల్లా సిద్దవటం దాటాక లంకమల అడవి వైపు, అభయారణ్యం హద్దుకు బయట, మా తాతల నాటి పట్టా భూమిలో కట్టాం. ఆ అడవిని 1988లో అభయారణ్యం చేసింది ఎక్కువగా ఒక పిట్ట కోసం. కలివి కోడి. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, ఇక లేదనే అనుకున్నారు. 1986 జనవరిలో మళ్లీ ఎక్కడ దొరికిందో తెలుసా, మన రెడ్డిపల్లి దగ్గర! పగలంతా కంపల్లో నక్కి ఉండి, రాత్రిపూట చెట్ల మధ్య బయలు నేల మీద చెదలూ చీమలూ ఏరుకు తినే పక్షి అది. ఆ రోజు కూడా ఊరి వేటగాడొకాయన టార్చి వేస్తే ఆ వెలుగుకు కదలలేక నిలబడిపోయింది, పట్టుకున్నారు. కొన్నాళ్లు కూడా బతకలేదు. ఒక్క టార్చి వెలుగుకే అంత బెదిరే జీవి పక్కన నన్ను గేటు నుంచి గదుల దాకా ఫ్లడ్ లైట్లు వేయమంటారా?

మొదటి ఏడాది సంక్రాంతికి నేనే తప్పు చేశాను. వేపచెట్లకు సీరియల్ బల్బులు కట్టించాను, ఫొటోలు బాగా వచ్చాయి కూడా. వారం తర్వాత పాలు పోసే అవ్వ వచ్చి, "ఏమబ్బీ, నక్కలు కూసి ఎన్నాళ్లాయె, ఆ దీపాలు తీసెయ్యి" అనింది. అప్పటిదాకా నేను గమనించనే లేదు. ఆ సాయంత్రమే తీయించేశాను. మళ్లీ కూతలు వినపడడానికి పది రోజులు పట్టింది.

ఇక ఏసీ సంగతి. మా సోలార్ పలకలు మూడు కిలోవాట్లవి. ఒకటిన్నర టన్ను ఏసీ నడిచినప్పుడు గంటకు ఒకటీ ఒకటిన్నర యూనిట్లు లాగుతుంది, నాలుగు గదులకు రాత్రంతా అంటే మా బ్యాటరీలు మోయలేవు, డీజిల్ జనరేటర్ పెట్టుకోవాల్సిందే. దాని మోత అడవంతా వినపడుతుంది, పొగ వేరే. అందుకే మందపాటి గోడలు లేపి, దూలాల మీద బండలు పరిచి, పైన చౌడు మన్ను పోయించి మిద్దెలు కట్టించాం, కడప జిల్లాలో మన ముందటి వాళ్లు కట్టుకున్నట్టే. అయినా మే నెల ఎండకు ఏ మిద్దే ఆగదు. కాబట్టి ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా మూసేస్తాం, ఆ రెండు నెలల ఆదాయం పోతుంది, పోనీ.

నీళ్ల విషయంలో మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది. ఒకటే బోరు మాది, ఊరికీ మాకూ కింద ఉండేది ఒకే నీరు. బకెట్ స్నానానికి ఇరవై లీటర్లు చాలు, షవర్ కింద పది నిమిషాలు నిలబడితే వంద దాకా పోతాయి. స్నానాల నీళ్లు అరటి చెట్లకు మళ్లిస్తాం. ఇంత చేస్తుంటే, కొన్ని చోట్ల గేటుకు వెదురు బొంగులు కట్టి, ప్లాస్టిక్ తీగలు వేలాడదీసి, లోపల ఈత కొలను తవ్వి బోర్డు మీద ఎకో రిసార్ట్ అని రాసుకుంటారు. చుట్టూ ఊళ్లు ట్యాంకర్ల కోసం ఎదురుచూసే సీమలో ఈత కొలనా? అట్లాంటి చోట్లకు అలవాటు పడి వచ్చినవాళ్లకు మా చీకటి మోసంలా కనపడుతుంది. తప్పు పూర్తిగా వాళ్లది కూడా కాదులే.

ఆ పన్నెండు మందిలో ఒక తమ్ముడు, "అన్నా, పదిన్నర దాకా పాటలు పెట్టుకుంటే ఏం పోతాది, ఎవరికి ఇబ్బంది, చుట్టూ మనుషులే లేరు కదా" అన్నాడు. మంచి పిల్లోడే. మనుషులు లేరు కాబట్టే వద్దంటున్నా అని చెప్పాను, నవ్వి ఊరుకున్నాడు.

వచ్చేవాళ్లు రండి. రాగి సంగటి, ఊరుబిండి పెడతాం, వారం ముందు చెబితే నాటుకోడి కూడా. వెలుగుకు జీవాలు బెదరకుండా టార్చికి కట్టుకోవడానికి ఎర్ర కాగితం మేమే ఇస్తాం. స్పీకర్ తెస్తే గేటు దగ్గర తీసి పెట్టుకుని, వెళ్లేటప్పుడు ఇచ్చేస్తాం.