చీటీ ఎవరు చదువుతారు?

కార్తీక సోమవారం వస్తే ఆంధ్రా సరిహద్దులోని ఒడిశా ఊరు పర్లాకిమిడిలో మా పెద్దమ్మ చుక్క పొడిచేదాకా అన్నం ముట్టదు. షుగర్ దించే పొద్దుటి గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం మానదు. 'ఉపవాసం దేవుడికి, మాత్ర డాక్టరుకి' అంటుంది. ఒక ఏడు సాయంత్రం నాలుగింటికి, పస్తు కడుపున ఆ మాత్రకి షుగర్ మరీ దిగిపోయి, చెమటలు పట్టి, మాట తడబడి గుమ్మంలో కూలబడింది. ఆసుపత్రి కాగితంలో ఆ పూట రాసిన మాట 'సలహా పాటించలేదు'. నా పేచీ ఆ మాటతోనే. రోజూ పొద్దున మాత్ర వేసుకోమన్నారు, వేసుకుంది. ఉపవాసాలుంటావా అమ్మా అని అడిగినవాళ్లే లేరు.

భారత వైద్య పరిశోధన మండలి 2023లో బయటపెట్టిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని అంచనా కట్టింది. వాళ్లలో ఎక్కువమంది మింగేవి ఆ నాలుగైదు రకాల మాత్రలే. తేడా అంతా ఇంటి దగ్గరుంది. మనిషి తన ఒంటిని తాను చూసుకోవడంలో ఎక్కడ వెలితి పడుతుందో కనిపెట్టి పూడ్చడమే నర్సు పని అని అమెరికా నర్సింగ్ సిద్ధాంతకర్త డొరోతియా ఒరెమ్ చెప్పిన సంగతి నర్సింగ్ పిల్లలందరూ బట్టీ పడతారు. వార్డులోకొచ్చాక పెద్దమ్మకి దొరికింది మాత్రం తినకూడనివాటి పట్టిక.

సరిహద్దులో ఈ వెలితికి ఇంకో ముడి ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బరంపురం, పర్లాకిమిడి మద్రాసు నుంచి అటు వెళ్లాయి. ఇళ్లలో తెలుగు నిలిచింది, బడి ఒడియా అయింది. పెద్దమ్మ ఇంట్లోనే చూడండి. ఆవిడకి ఒడియా మాట వచ్చు, ఏ భాషలోనూ అక్షరం రాదు. కోడలు పొద్దస్తమానం తెలుగే మాట్లాడుతుంది, చదివేది ఒడియా. మందు చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగువాళ్లకి తెలుగు కరపత్రం వేస్తే సరిపోతుందని సదుద్దేశంతో అనేవాళ్లున్నారు. ఆ ఇంట్లో దాన్ని చదివేవాళ్లు లేరు. చీటీ మీద పొద్దుకి సూర్యుణ్ణి, రాత్రికి చంద్రుణ్ణి గీసిచ్చిన సిస్టరమ్మ ఏ కరపత్రం కంటే ఎక్కువ పాఠం చెప్పింది. ఆవిడ ముందు అడిగింది 'మీ ఇంట్లో చీటీ ఎవరు చదువుతారు?' అని.

సూర్యచంద్రులు కూడా అందరికీ పనికిరారు. ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకి వెళ్లిన మనిషి వారం పగలు, వారం రాత్రి డ్యూటీ చేస్తాడు. చీటీలో 'రాత్రి' అన్న పూట అతను మగ్గం దగ్గరుంటాడు.

ఇన్సులిన్ దగ్గర పొరపాటు ఖరీదు ఇంకా ఎక్కువ. మన దగ్గర సీసా ఇన్సులిన్ ఎక్కువగా 40 యూనిట్ల రకం, అంటే మిల్లీలీటరుకి 40. దాని సిరంజికి ఎర్ర మూత. 100 యూనిట్ల సిరంజికి నారింజ మూత. ఎర్ర మూతది అయిపోయి కొట్టువాడు నారింజది చేతిలో పెట్టాడనుకోండి. దాంతో 20 గీతదాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. షుగర్ దిగదు, డాక్టరు మోతాదు పెంచుతాడు, మరునెల సరైన సిరంజి దొరికిన రోజున మనిషి పడిపోతాడు. శుక్లాలున్న అరవై ఏళ్ల కంటికి ఎరుపు, నారింజ పెద్ద తేడాగా కనబడవు, గీతలు అసలే ఆనవు. అందుకని సూది ఎలా వేసుకోవాలో చేసి చూపించడం పాఠంలో సగమే. ఆమె చేత, ఆమె సిరంజితో, ఆమె కళ్లజోడుతో చేయించి చూడాలి.

ఇక తిండి. ఒడియావాళ్ల పఖాళ, మన తరవాణి అన్నం ఒకే గూటివి. చలవ చేస్తుంది కాబట్టి షుగర్‌కీ మంచిదేనని రెండు భాషల్లోనూ నమ్మకం. అన్నం పులిసినా అన్నమే. అలాగని మానేయమంటే ఎండాకాలంలో ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. గిన్నె చిన్నది చేసి, పక్కన కూర పెంచమంటే వింటారు. చోడి (రాగి) అంబలిని షుగర్‌కి మందులా చెప్పే ఉత్సాహం కూడా కాస్త తగ్గించుకోవాలి. అదీ పిండిపదార్థమే, లోటాలకి లోటాలు తాగితే షుగర్ పెరగక మానదు.

ఫ్రిజ్ లేనివాళ్లకి, 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కరెంటు పోయిన గజపతి జిల్లాలాంటి చోట్ల ఫ్రిజ్ ఉన్నవాళ్లకి కూడా, ఇన్సులిన్ దాచుకోవడానికి తడి ఇసుకలో పెట్టిన మట్టికుండ సంగతి చెప్పాలి. తెరిచిన సీసా ఎండ తగలని చల్లటి చోట సుమారు నాలుగు వారాలు పనికొస్తుంది.

ఇవన్నీ అడగడానికి తీరిక ఏదీ అని నర్సులంటారు. నిజమే, ఓపీ వరస గేటు దాటి ఉంటుంది. కానీ వద్దుల పట్టిక చదవడానికీ ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాల్లో వంట ఎవరిది, చీటీ చదివేదెవరు, ఏ రోజుల్లో పస్తుంటారు అని అడిగి, చెప్పింది తిరిగి చెప్పించుకోవచ్చు. భాష రాని నర్సుకి కూతురు దుబాసీగా కూర్చుంటే ఇంకో చిక్కు. ప్రశ్న అమ్మకి వెళ్లదు, కూతురే జవాబిచ్చేస్తుంది.

పెద్దమ్మ విషయంలో ఆ సిస్టరమ్మ ఉపవాసాల తేదీలు రాసుకుని డాక్టరు ముందు పెట్టింది. ఆయన ఆ రోజుల మాత్ర మార్చాడు, ఈ వయసులో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7కి దిగకపోయినా 8 లోపుంటే చాలన్నాడు. షుగర్ 70 కంటే దిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకు తాగి, పావుగంటయ్యాక మళ్లీ చూసుకోమంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు, ఉపవాసం చెడుతుందంది. సిస్టరమ్మ వాదించలేదు. గుడి పూజారి చేత పంచదార నీళ్లకి దోషం లేదని చెప్పించింది. ఈ కార్తీకంలో పెద్దమ్మ కొంగుముడిలో తాళాలగుత్తి పక్కన ఒక పొట్లం ఉంది.