మంగళగిరి కొండ అగ్నిపర్వతం కాదు

"మంగళగిరి కొండ ఒకప్పటి అగ్నిపర్వతం. లోపలి గంధకం చల్లారాలనే పెద్దలు పానకం పోసే ఆచారం పెట్టారు" అన్న మెసేజ్ ఏళ్లుగా తిరుగుతోంది. చదువుకున్నవాళ్లు కూడా నమ్మి పంపుతుంటే బాధగా ఉంది.

ముందు రాయి సంగతి. విజయవాడ చుట్టుపక్కల కొండలన్నీ తూర్పు కనుమలవే. వీటిలో ఎక్కువగా కనిపించేవి ఖోండలైట్, చార్నొకైట్. వంద కోట్ల ఏళ్లకు ముందే, భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిన రాళ్లివి. లావా గడ్డకట్టినవి కావు. (ఖోండలైట్‌లో ఉన్నది మన 'కొండ' అనుకునేరు, అది ఖోండు గిరిజనుల పేరు.) నిజంగా లావా రాయి చూడాలంటే రాజమండ్రి దగ్గర పంగిడి క్వారీలకు వెళ్లండి. ఆ నల్లరాయి దాదాపు 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ లావా.

భక్తులు పానకం పోసే పానకాల నరసింహస్వామి నోరే అగ్నిపర్వతం నోరంటారు. అలాంటి నోరు మామూలుగా శిఖరాన పెద్ద గొయ్యిలా ఉంటుంది. కానీ స్వామి గుడి ఉన్నది కొండ వాలులో. ఇంకా పైకెక్కితేగానీ గండాలయ్య స్వామి దీపం ఉన్న శిఖరం రాదు. పానకం పోసేది జానెడు వెడల్పు కూడా లేని రాతి సందులో.

ఇక గంధకం. అగ్నిపర్వతం నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ నీళ్లలో కలిస్తే ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లాన్ని తటస్థం చేయాలంటే సున్నంలాంటి క్షారం కావాలి, బెల్లం క్షారం కాదు. పైగా అగ్నిపర్వతం పేలేది కిలోమీటర్ల లోతున కరిగిన రాయి, వాయువుల ఒత్తిడికి. బిందెలతో పోసే పానకం అక్కడిదాకా ఎలా చేరుతుంది?

పేరులోనూ నిప్పు జాడ లేదు. మంగళమంటే శుభం, లక్ష్మీదేవి తపస్సు చేసిన కొండ కాబట్టి మంగళగిరి అంటారు. అంజనాద్రి, తోతాద్రి అన్నవి దీని పాత పేర్లని చెబుతారు.

పానకానికి కారణం వెతుక్కోవాల్సిన పని కూడా లేదు, స్థలపురాణమే చెబుతుంది. నముచి అనే రాక్షసుణ్ణి చంపిన ఉగ్ర నరసింహుడిని శాంతపరచడానికి కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు, ఇప్పుడు పానకం. గంధకం కోసమే అయితే నెయ్యి ఎందుకు పోసినట్టు? అర్చకుడు శంఖంతో పోస్తుంటే లోపల గుటగుటమని చప్పుడు వస్తుంది, అది ఆగగానే మిగతా సగం ప్రసాదంగా మన చేతికిస్తారు. అక్కడ వచ్చేది గంధకం వాసన కాదు, బెల్లం, మిరియాలు, యాలకుల వాసన.